తప్పు: సున్నపు గోడ

‘ఉల్క’ మాసపత్రిక పదేళ్ల చరిత్ర రాయమని పాత చందాదారులు నన్ను కూర్చోబెట్టారు. ఆరు అధ్యాయాలు రాశాను. తీరా చూస్తే ఆ చరిత్ర మొత్తం 1979 జూలై సంచిక ఆఖరి పుటలో, అరచేయంత జాగాలో, ఎప్పుడో అచ్చయిపోయి ఉంది.

తప్పొప్పుల పట్టిక (జూన్ సంచిక)
పుట 12. తప్పు: సున్నపు గోడ. ఒప్పు: సన్నపు గోడ.
పుట 31. తప్పు: ఆమ్లంలో నీటిని పోయాలి. ఒప్పు: నీటిలో ఆమ్లాన్ని పోయాలి.
ప్రూఫులో దిద్దినా సరిచేయని కంపోజిటరు పొరపాటుకు చింతిస్తున్నాం. – సంపాదకుడు.

సంపాదకుడు మా నాన్న సదాశివరావు. సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు గాబ్రియేలు. మొదటి తప్పును ఎవరూ పట్టించుకోలేదు. అది నాన్నే మారుపేరుతో రాసిన కథలోది. అందులో ఒక శాస్త్రవేత్త సన్నపు గోడకు పెట్టె ఆనించి, ఆ గదిలో వెనకటెప్పుడో మాట్లాడుకున్న మాటలు వింటాడు. గోడ సన్నదైనా సున్నందైనా కథకు పోయేదేం లేదు.

రెండోది ‘చేసి చూడండి’ శీర్షికలోది. గాఢ గంధకామ్లాన్ని పలచన చేయాలంటే నీళ్లలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే బుస్సుమని మొహం మీదికి ఎగజిమ్ముతుంది. ఏ బళ్లోనైనా సైన్సు మాష్టారు నోరు నొప్పెట్టేలా చెప్పే సంగతే ఇది. భీమడోలు దగ్గర ఒక పల్లె బళ్లో సైన్సు మాష్టారు లేరు, మా పత్రిక ఉంది. పదిహేనేళ్ల పిల్ల మేం అచ్చేసింది ఉన్నదున్నట్టు చేసింది. రెండు కళ్లూ పోయాయి.

గాబ్రియేలుకు పని పోయింది. ఏలూరులో ఇంకే ప్రెస్సూ అతణ్ణి గడప తొక్కనివ్వలేదు. జనపనార మిల్లులో బస్తాలు మోశాడని తర్వాతెప్పుడో విన్నాను. నాన్న ఆ బెంగతోనే ఆర్నెల్లలో పోయారు. పత్రికా ఆయనతోనే పోయింది. అప్పటికి నాకు పదమూడేళ్లు. ఆ తర్వాత ఫిజిక్సు చదివి, ముప్పై మూడేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి, రిటైరై, ఇప్పుడు ఈ చరిత్ర రాస్తున్నాను. అయిదో అధ్యాయానికి ‘కంపోజిటరు పొరపాటు’ అని పేరు పెట్టాను. మా నాన్న అక్షరాలు పేర్చిన ప్రతి ఫారమూ తన కళ్లతో చూడందే మెషీను ఎక్కించేవారు కాదని గట్టిగా రాశాను. గట్టిగా రాయడం నాకు అలవాటు.

పుస్తకం ప్రూఫు శుక్రవారం సాయంత్రంలోగా దిద్ది పంపాలి. బుధవారం పొద్దున హైమవతి వచ్చింది.

ఆటో దిగి, చేతికర్రతో మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. అరవై ఏళ్లుంటాయి. నల్లకళ్లద్దాలు, జరీ లేని నేతచీర, చంకలో టిఫిను క్యారియరంత రేకుపెట్టె.

"మృణాళిని గారేనాండి? నేను మీ పాత చందాదారునండి. చందా నంబరు నాలుగువందల పదిహేడు. ముప్పై ఒకటో పుట నాదేనండి."

కూర్చోమనడం కూడా మర్చిపోయాను. ఆవిడే తడుముకుని కుర్చీ లాక్కుంది.

"మిమ్మల్ని నిష్టూరమాడ్డానికి రాలేదండి. పవర్‌పేటలో మీ ప్రెస్సు గోడలు రోడ్డు వెడల్పులో శుక్రవారం పడగొట్టేస్తారంట కదా. దానికోసం వచ్చానండి. ఆ గోడ నేను ఒక్కసారి వినాలి."

గోడ వినడమేమిటని అడిగాను. ఆవిడ పెట్టె మూత తీసింది. లోపల ఒక చిన్న సూది, రాగితీగల చుట్ట, డాక్టర్లు మెడలో వేసుకునేలాంటి రబ్బరు గొట్టాలు మూడు జతలు.

"ఆస్పత్రిలో పడుకోబెట్టినప్పుడు మా అక్క జూన్ సంచికలో కథ చదివి వినిపించిందండి. సున్నపు గోడకు పెట్టె ఆనించి పాతమాటలు వినే కథ. చీకట్లో పడున్నదానికి అంతకంటే ఏం కావాలి? జూలై సంచిక వస్తే మా నాన్న పొయ్యిలో పెట్టేశాడు. అది అచ్చుతప్పని నాకు తెలియనే తెలియదండి. రేడియోలు బాగుచేసే కొట్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఖాళీ దొరికినప్పుడల్లా సున్నపు గోడల మీదే పడ్డాను."

"అది కథండీ," అన్నాను, కాలేజీలో అన్నట్టే. "మా నాన్న ఊహించి రాసింది."

"సున్నం ఎలా ఆరుతుందండి?"

గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లమెల్లగా రాయవుతుంది. ఆ సంగతి నోటితో చెబుతూ చెబుతూనే ఆగిపోయాను. రాయి అవుతున్న ఆ నాలుగైదు రోజులూ గదిలో ప్రతి మాటకూ గోడ అదురుతూనే ఉంటుంది. ఆ అదురు రాయిలో ఉండిపోతే?

"ఉండిపోతుందండి," అంది హైమవతి, నేను పైకి అనకపోయినా. "సూదితో నిప్పురవ్వ తగిలిస్తే ఒక్కో పలుకూ చిట్లుతూ ఆ అదురును వదిలేస్తుంది. కాకపోతే విన్నంత మేరా పొడైపోతుంది. మళ్లీ వినడం ఉండదు. ఫోన్లో ఎక్కిద్దామంటే నిప్పురవ్వల గరగర తప్ప ఇంకేం రాదు. రెండేళ్ల కిందట మొదటిసారి మా వంటింట్లో పనిచేసిందండి. మా అమ్మ గొంతు. ‘హైమా, పాలు పొంగుతున్నాయి చూడవే’ అంది. నేను మంచానపడక ముందటి ఏడు కాబోలు, ఇంకా నన్ను చూడమంటోంది. ఆ ఆనందంలో ఆపడం తెలియక గోడంతా వినేశాను. ఇప్పుడు మా అమ్మ ఎక్కడా లేదు."

ఆవిడ వేళ్లతో కొంగు అంచు నలుపుకుంటూ కూర్చుంది. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను.

"నాకు కావాల్సింది ఒక్కటేనండి. ఆ వాక్యం తిరగబడింది ఎవరి చేతిలో? నలభై అయిదేళ్లుగా ఎవర్ని తిట్టుకోవాలో తెలియక నన్ను నేనే తిట్టుకున్నాను."

నాకు తెలుసు ఎవరి చేతిలోనో. అచ్చులోనే ఉంది. పైగా నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది, దాచడం దేనికి? ఆ గోడలో మా నాన్న గొంతు ఉంటుంది. ఆయన గొంతు ఎలా ఉండేదో నేను మర్చిపోయి చాలాకాలమైంది. ఎంత గుర్తు చేసుకున్నా దగ్గు మాత్రమే గుర్తొస్తుంది.

ఎల్లుండి పొద్దున్నే వెళదామన్నాను. మునిసిపాలిటీవాళ్లు పదకొండు గంటలకు యంత్రం తెస్తామన్నారు.

*

శుక్రవారం ఎనిమిదింటికి ప్రెస్సు తాళం తీశాను. చాలా ఏళ్లు రంగుల కొట్టువాళ్లకు గోడౌనుగా ఇచ్చాం. వాళ్లు గోడలన్నీ గోకి ప్లాస్టిక్ రంగు కొట్టేశారు. అక్షరాల గడులుండే కొయ్యచట్రాన్ని మాత్రం కదల్చలేక వదిలేశారు. దాన్ని ముగ్గురు కూలీలతో ముందురోజే జరిపించాను. దాని వెనక పాతగోడ చాపంత మేర మిగిలింది. సున్నంలో నీలిమందు ఎక్కువై లేత నీలంగా ఉంది. పదో ఏటి పండగ సంచిక జూన్‌లో తెస్తూ ప్రెస్సుకు సున్నం కొట్టించారు. నీలిమందు అమ్మ కలిపింది. వేసవి సెలవులు కదా, నేను పొద్దస్తమానం అక్కడే ఉండేదాన్ని. పరికిణీకి నీలం సున్నం పూసుకొచ్చానని అమ్మ నాలుగు తగిలించడం గుర్తుంది.

హైమవతి గోడను చేత్తో తడిమి, గోరుతో అంచు గీరి, పొర లెక్క చూసుకుంటోంది. అప్పుడు వాకిట్లో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

గాబ్రియేలు. ఎనభై దాటాయి. నడుం వంగింది. తెల్లచొక్కా గుండీలన్నీ పైదాకా పెట్టుకుని ఉన్నాడు. అంతకు ముందురోజు హైమవతి అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిందట.

"ఏం గాబ్రియేలూ, బాగున్నావా?" అన్నాను. నాకంటే పాతికేళ్లు పెద్దవాడు. చిన్నప్పుడు మా ఇంట్లో అలాగే పిలిచేవాళ్లం, అదే నోటికొచ్చింది.

"బాగున్నానండి అమ్మాయిగారూ." అతను లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడ్డాడు. "ఇది వద్దండి. పడిపోయే గోడ, దాని మానాన దాన్ని పోనివ్వండి. మీ పుస్తకంలో నా పేరు ఎలా రాసుకున్నా నాకేం పట్టింపు లేదండి."

నాకు ఒళ్లు మండింది. నలభై అయిదేళ్ల తర్వాత కూడా నిజమంటే భయమే అనుకున్నాను. "కళ్లు పోగొట్టుకున్న మనిషి అడుగుతోంది గాబ్రియేలూ. కాదనడానికి నీకూ నాకూ ఏం హక్కుంది?"

"బాబాయిగారూ, మీరూ వినండి," అంది హైమవతి. "మూడు జతల గొట్టాలు తెచ్చింది అందుకే."

అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపును నేను తప్పుచేసినవాడి చూపు అనుకున్నాను. చివరికి లోపలికి వచ్చి, అక్షరాల చట్రం ఉండే చోట, అప్పట్లో తాను నిలబడే చోటే నిలబడ్డాడు.

"ముప్పై ఒకటో పుట ఎప్పుడు పేర్చారో గుర్తుందా బాబాయిగారూ?"

"సున్నం కొట్టిన రెండో రోజమ్మా. పొద్దున్న."

"అయితే పై పొరలోనే ఉంటుంది. పైనించి ఆరుకుంటూ లోపలికి పోతుంది కదా."

మొదట మూల మీద ఒక గోరంత పెళ్ల విని చూపించింది. నేను నమ్మలేదని ఆవిడకు తెలుసు. సూది చిటచిటలాడింది. చెవుల్లో గరగర, దాని వెనక ఎక్కడో కాలితో తొక్కే మెషీను టకటకలు, ఒక కాకి. తర్వాత నీలం పొడి జలజలా రాలి నా పాదం మీద పడింది. ఆ కాకి చచ్చి ఎన్నాళ్లయిందో.

"ఇక ఇదేనండి," అంది హైమవతి. "మధ్యలో నన్ను ఆపమనకండి. ఆపితే అంచు పగిలిపోతుంది."

సూది పెద్దపెళ్ల మీదికి వెళ్లింది. చాలాసేపు గరగరే. ఎవరో బకెట్టు పెట్టిన చప్పుడు. సైకిలు బెల్లు. ఆ తర్వాత, పక్కగదిలో, దగ్గు.

నాన్న. ఆయన ఎవరితోనో, "కాగితం రేపటికి రాకపోతే నా పరువు పోతుందయ్యా," అంటున్నారు. మామూలు గొంతు, కాస్త కీచుగా ఉంది. నేను గంభీరంగా ఉంటుందని ఊహించుకున్నాను. ఆ ఒక్కమాటకే నాకు ఏడుపొచ్చేసింది. నీలం పొడి రాలుతూనే ఉంది, రాలినంత మేరా ఆయన పోతున్నారు.

తర్వాత దగ్గరగా, గోడ పక్కనే, ఇంకో గొంతు. గడుల్లోంచి సీసపు అక్షరాలు తీసి పేర్చే టిక్కు టిక్కు మధ్య గాబ్రియేలు గొంతు, పడుచుది: "తర్వాతండి?"

మా నాన్న చేతిరాత కోడిగీతలు. ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకే మా ప్రెస్సులో ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే గాబ్రియేలు వింటూ పేర్చేవాడు. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాలి, అది మా ప్రెస్సు పద్ధతి. చదివేది నాన్నే. మా చరిత్ర రెండో అధ్యాయంలో అలాగే రాశాను.

చెవుల్లో చిన్నపిల్ల గొంతు పలికింది.

"ఒక గాజు పాత్రలో గాఢ గంధకామ్లం తీసుకోవాలి ఫుల్‌స్టాప్ ఆ ఆమ్లంలో నీటిని కామా కొద్దికొద్దిగా కామా పోయాలి ఫుల్‌స్టాప్."

టిక్కు టిక్కులు ఆగిపోయాయి.

"సరిగ్గా చూసి చదవండి అమ్మా. ఆమ్లంలో నీళ్లాండి? నీళ్లలో ఆమ్లం కదండి పోయాలి?"

"ఇక్కడ అదే రాసుంది."

"ఆ రెండు మాటల మీదా వంకరగీత ఏమైనా ఉందేమో చూడండి. మార్చుకోమని అయ్యగారు అలా గీస్తారు."

"గీతలు బోలెడున్నాయి. నీకెందుకు గాబ్రియేలూ? చెప్పింది పెట్టు."

పక్కగదిలోంచి దగ్గు. "ఏమిటే అది?"

"ఏం లేదు నాన్నా!"

ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత మళ్లీ మొదలైంది. టిక్కు. టిక్కు. టిక్కు.

సూది ఆగింది. గోడ మీద నీలం లేదు, ఇటుక కనిపిస్తోంది.

*

నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తురాలేదు. పరికిణీకి అంటిన సున్నం గుర్తుంది, అమ్మ కొట్టిన దెబ్బలు గుర్తున్నాయి. ఒక మనిషితో ‘చెప్పింది పెట్టు’ అన్న మాట గుర్తుపెట్టుకోదగ్గదిగా నాకు తోచనే లేదన్నమాట. రాతప్రతి నాన్న తగలబెట్టారని అమ్మ అనేది. కోపంతో అనుకున్నాను, ఆ వంకరగీత నా తప్పును పట్టిస్తుందని కాబోలు. చూసుంటే తప్పు పట్టేసేవారు, ఆ ఫారం ఆయన చూడలేదు. కాగితం గొడవలో చూడకుండానే మెషీనెక్కించారు. ఆ తర్వాత తన తప్పు, నా తప్పు రెండూ కలిపి ఒక్క ముక్కలో గాబ్రియేలు నెత్తిన పెట్టారు.

హైమవతి చెవుల్లోంచి గొట్టాలు తీసింది.

"ఆ పిల్ల ఎవరండి?"

నేను నోరు తెరిచేలోపే గాబ్రియేలు అందుకున్నాడు. "ఎవరోనమ్మా. సెలవుల్లో చుట్టుపక్కల పిల్లలు వస్తా ఉండేవారు. అయ్యగారికి వీలు లేనప్పుడు వాళ్లలో ఎవరో ఒకరు చదివేవారు. పేర్లు ఎవరికి గుర్తుంటాయి?"

అప్పటికప్పుడు, తడబాటు లేకుండా అనేశాడు. నలభై అయిదేళ్లు చెప్పిన అబద్ధం కదా, బాగా అలవాటైపోయింది. గడప దగ్గర నా మొహంలోకి ఎందుకు అంతసేపు చూశాడో అప్పుడు తెలిసింది. అతను నన్ను కాపాడదామని వచ్చాడు.

బయట యంత్రం వచ్చిన చప్పుడు వినిపించింది. గోడ పొడైపోయింది. విన్నది ముగ్గురం. ఒకరికి ఆ గొంతు ఎవరిదో తెలియదు, ఒకరు చెప్పరు. నేను ఊరుకుంటే సాయంత్రం పుస్తకం వెళ్లిపోతుంది, నాన్న నాన్నగానే ఉంటారు, నేను నేనుగానే ఉంటాను. ఊరుకుందామనే అనిపించింది. అనిపించలేదని అబద్ధమాడను. హైమవతి మాత్రం చెవి నా వైపు తిప్పి కూర్చుంది. రేడియోలు బాగుచేసిన మనిషి, నా ఊపిరి విన్నదేమో.

"నేనే," అన్నాను. "ఆ పిల్లను నేనే హైమవతి గారూ."

ఆవిడ చేతికర్రను రెండు చేతులా పట్టుకుంది.

"పదమూడేళ్ల పిల్లమ్మా," అన్నాడు గాబ్రియేలు. "పసిదానికి పోలీసు కేసు అంటే ఏం తెలుస్తది? అయ్యగారు నా చేతులు పట్టుకుని అడిగారు. బిడ్డ బతుకు పాడైపోద్ది, నువ్వు ఒప్పుకో గాబ్రియేలూ, నిన్ను నేను చూసుకుంటాను అన్నారు. చూసుకునేవారే. ఆయనే ఉండలేదు."

"మరి మీ బతుకు?" అని అరిచాను. ఎవరి మీద అరుస్తున్నానో నాకే తెలియలేదు. "మీకూ పిల్లలున్నారు కదా!"

అతను ఉలిక్కిపడి చూశాడు. నేను ‘మీకు’ అన్నాను. అది విని అతనికంటే నాకే ఎక్కువ సిగ్గేసింది.

హైమవతి గొట్టాలు మడిచి పెట్టెలో పెట్టింది. "నేను పెద్దమనసు గలదాన్ని కాదండి. పర్వాలేదని అనను. అనాలనిపించిన రోజు ఏదైనా వస్తే కబురు చేస్తాను." తర్వాత తల గాబ్రియేలు వైపు తిప్పింది. "ఆ సున్నపు గోడ కూడా ఈవిడే చదివిందా బాబాయిగారూ?"

ఆయన తల దించుకున్నాడు. "కాదమ్మా. అది అచ్చంగా నా తప్పే. ఆ పూట ‘స’ గడి ఖాళీ అయిపోయింది. జాగా కోసం ‘సు’ పెట్టి, తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాను. నా సర్వీసులో నేను చేసిన తప్పు అదొక్కటేనమ్మా."

హైమవతి నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. రేకుపెట్టె మీద చెయ్యివేసి, "ఆ తప్పు మీద నేను బతికాను," అంది.

యంత్రంవాడు బయటికి రమ్మని కేకేశాడు. రోడ్డవతల టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. సంచిలోంచి ప్రూఫు తీశాను. అయిదో అధ్యాయం అడ్డంగా కొట్టేశాను. రెండో అధ్యాయంలో ‘చదివేది నాన్నే’ అన్న చోట కూడా. మళ్లీ రాయడానికి చాలా రోజులు పడుతుంది. ముందు ఆఖరి పుట మాత్రం అక్కడే రాశాను. నా వెనక గోడ పడిన చప్పుడైంది. ముగ్గురిలో ఎవరమూ తిరిగి చూడలేదు.

"అయిందాండి?" అంది హైమవతి. "పోయినసారి సవరణ నాకెవరూ చదివి వినిపించలేదు. ఈసారి మీరే చదవండి."

చదవబోయాను. కళ్లు మసకబారి మొదటి మాటకే తడబడ్డాను. గాబ్రియేలు గారు తన జేబులోంచి చేతిగుడ్డ తీసి ఇచ్చారు.

"సరిగ్గా చూసి చదవండి అమ్మా," అన్నారు.

చూసి చదివాను.

"తప్పొప్పుల పట్టిక ఫుల్‌స్టాప్ పుట ముప్పై ఒకటి ఫుల్‌స్టాప్ తప్పు కంపోజిటరుది కాదు ఫుల్‌స్టాప్ రాతప్రతి తప్పుగా చదివి కామా అడిగినా వినక కామా అలాగే పెట్టమన్నది సంపాదకుడి కూతురు మృణాళిని ఫుల్‌స్టాప్ చూడకుండా అచ్చువేసి కామా నింద గాబ్రియేలు గారి మీద వేసింది సంపాదకుడు ఫుల్‌స్టాప్ పుట పన్నెండు ఫుల్‌స్టాప్ సున్నపు గోడ కామా ఒప్పే ఫుల్‌స్టాప్."